వూరి పుస్తకాల్లో మనిషి స్థానం

ముప్పయ్యేళ్ళకు పైగా ఆదోనిలో డిగ్రీ విద్యార్థులకు తెలుగు చెప్పాను. ప్రతి ఏడూ మొదటి సంవత్సరం వాళ్ళకు వొక వ్యాసం ఇచ్చేవాణ్ణి. శీర్షిక 'మా ప్రాంతం'. దాని కింద మూడు ఉపశీర్షికలు నల్లబల్ల మీద నేనే రాసేవాణ్ణి: చరిత్ర, ప్రకృతి, చూడదగిన స్థలాలు. పిల్లలు బుద్ధిగా ఆ మూడు గదులు నింపుకొచ్చేవాళ్ళు. చరిత్ర గదిలో ఆదోని కోట, సిద్దీ మసూద్ ఖాన్, టిప్పు సుల్తాన్. ప్రకృతి గదిలో నల్లరేగడి, బండరాళ్ళ గుట్టలు, తుంగభద్ర. చూడదగిన స్థలాల గదిలో మంత్రాలయం, ఉరుకుంద ఈరన్న, షాహీ జామియా మసీదు, రణమండల కొండ, ఎమ్మిగనూరు చేనేత. నేను అక్షరదోషాలు దిద్ది మార్కులు వేసేవాణ్ణి.

వొక ఏడాది కోసిగి వైపు పల్లె నుంచి వచ్చిన వొక అమ్మాయి మూడో గదిలో వేరే సంగతి రాసింది. సుగ్గికి పోయే రాత్రి తమ వూరు ఎలా వుంటుందో రాసింది. మూటలు, వంటసామాను, చంకపిల్లలు లారీ ఎక్కడం. తలుపులకు తాళాలు పడటం. ముసలివాళ్ళు అరుగుల మీద మిగిలిపోవడం. తమ ప్రాంతంలో చూడాలంటే ముందు చూడవలసింది అదేనని రాసింది. నేను ఆ పేరా చుట్టూ ఎర్రసిరాతో గీత గీసి, పక్కన 'అప్రస్తుతం' అని రాశాను. ఆ అమ్మాయి నోట్సు పట్టుకొని నా బల్ల దగ్గరికొచ్చి, "మరి ఇది యాడ రాయాల సార్?" అని అడిగింది. "వేరే వ్యాసంలో రాద్దువుగానిలే అమ్మా" అన్నాను. ఆ వేరే వ్యాసం నేను ఎప్పుడూ ఇవ్వలేదు.

ఉద్యోగ విరమణ తర్వాత ఆ ప్రశ్న నన్ను వదలలేదు. ఈ వ్యాసం ఆ ప్రశ్నకు ఆలస్యంగా వెతుక్కుంటున్న జవాబు. నా పొరపాటును నా వొక్కడి పొరపాటుగా చూసి వూరుకుంటే లాభం లేదు. ఆ మూడు గదులు నేను కట్టినవి కావు. అవి వొక రచనా రూపం. ప్రతి రూపానికీ పుట్టుక వుంటుంది, ప్రయోజనం వుంటుంది, వొక వర్గ దృష్టి వుంటుంది. కథ గురించీ కవిత గురించీ ఈ మాట అనడానికి మనం వెనకాడం. స్థలవర్ణన దగ్గరకొచ్చేసరికి మాత్రం అది సమాచారమేననీ దానికి దృక్పథమేమిటనీ వదిలేస్తాం.

మొదట ఈ రూపం పుట్టుక చూద్దాం. 1800లో నిజాం వదులుకున్న ఈ సీమను కంపెనీ పుచ్చుకుంది. దత్తమండలాలకు తొలి ప్రధాన కలెక్టరు థామస్ మన్రో 1807 దాకా ఇక్కడ పనిచేశాడు. నేలను కొలిచారు, రంగు చూశారు, శిస్తు కట్టారు. రేగడి ఇంత, ఎర్రనేల ఇంత అని లెక్క వేశారు. మా ప్రకృతి గురించి ఆధునిక పద్ధతిలో పోగైన తొలి సమాచారం ఇలా శిస్తు చిట్టాలోంచి పుట్టింది. ఆ సమాచారాన్నే తరవాత పుస్తకాలుగా కూర్చారు. బళ్ళారి జిల్లా మాన్యువల్‌ను జాన్ కెల్సాల్ 1872లో వెలువరించాడు. బళ్ళారి గెజెటీరును డబ్ల్యూ. ఫ్రాన్సిస్ 1904లో ప్రచురించాడు. ఆదోని తాలూకా, అందులోని ఎమ్మిగనూరు, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా బళ్ళారి జిల్లాలోవే కాబట్టి మా వూళ్ళ పాత వర్ణన ఆ పుస్తకాల్లోనే దొరుకుతుంది.

ఇక కర్నూలు జిల్లా మాన్యువల్‌ను 1886లో రాసినవాడు దొర కాదు, తెలుగువాడు. పేరు నరహరి గోపాలకృష్ణమ చెట్టి. సాహిత్య విద్యార్థులకు ఈ పేరు తెలియాలి. 1872లో 'శ్రీరంగరాజ చరిత్రము' రాసిన డిప్యూటీ కలెక్టరు ఆయనే. తెలుగులో తొలి నవల అదేనని చాలామంది పరిశోధకులు అంటారు. తొలి నవలాకారుల్లో వొకడూ, తొలి జిల్లా చరిత్రకారుల్లో వొకడూ వొకే మనిషి కావడం కేవలం యాదృచ్ఛికం కాదనిపిస్తుంది. ఆ కాలపు ప్రభుత్వం దేశీయుల ఆచార వ్యవహారాలను వచనంలో చదవాలనుకుంది. నవల అయినా మాన్యువల్ అయినా ఆ కోరిక నీడలోనే తయారైంది. అంటే మన ఆధునిక వచనానికీ కచేరీకీ పుట్టుకతోనే చుట్టరికం వుంది. ఆ చుట్టరికాన్ని తెంచుకోవడానికి నవల నూరేళ్ళు పోరాడింది. వూరి పుస్తకం మాత్రం కచేరీ గడప దాటలేదు.

ఫ్రాన్సిస్ గెజెటీరులో అధ్యాయాల వరస చూడండి. భౌతిక స్వరూపం వొక అధ్యాయం. రాజకీయ చరిత్ర వొకటి. ప్రజలు వొకటి. వ్యవసాయం వొకటి. వర్షాలూ రుతువులూ వొకటి. భూమిశిస్తు పాలన వొకటి. చివర తాలూకాల వారీగా ముఖ్య స్థలాలు. మా సీమను తుడిచిపెట్టిన 1876-78 కరువు ఏ అధ్యాయంలో వుంది? వర్షాలూ రుతువుల అధ్యాయంలో. 1871 జనాభా లెక్కలతో పోలిస్తే 1881 నాటికి బళ్ళారి జిల్లాలో దాదాపు అయిదో వంతు మనుషులు తగ్గిపోయారు. ఆ సంగతి వాన గురించి చెప్పే చోట చెప్పారు. శిస్తు గురించి చెప్పే చోటు ఇంకెక్కడో వుంది. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ కరువు పనుల్లో మగ కూలీకి రోజుకు వొక పౌను ధాన్యమూ వొక అణా చాలునని తేల్చాడు. అది పాలనకు చెందిన విషయం. రైలు ధాన్యం తెచ్చింది, ధర పలికేచోటికి ధాన్యం తీసుకుపోయింది కూడా. అది రవాణాకు చెందిన విషయం. వొక్కొక్క వాక్యం విడిగా నిజమే కావచ్చు. అధ్యాయాల మధ్య గోడలు కట్టడం వల్ల కారణానికీ ఫలితానికీ ముఖపరిచయం లేకుండా పోయింది. వాన రాలేదు, జనం చచ్చారు. పాఠకుడి మనసులో ఇదొక్కటే మిగులుతుంది. అబద్ధం వొక్కటీ రాయకుండా నిజాన్ని దాచగలిగేది ఇటువంటి రూపమే.

ఈ రూపం మనకొక్కళ్ళకే వచ్చిన తెగులు కాదు. దీనికి అమెరికాలో వొక గొప్ప ఉదాహరణ వుంది. మన ప్రాంతంతో దానికి సంబంధం వుంది కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

1929 తర్వాతి ఆర్థిక సంక్షోభంలో లక్షలమందితో పాటు రచయితలు కూడా వీధిన పడ్డారు. రూజ్వెల్ట్ ప్రభుత్వం 1935లో ఫెడరల్ రైటర్స్ ప్రాజెక్ట్ పెట్టి, పనిలేని రచయితలకు జీతాలిచ్చి, వొక్కొక్క రాష్ట్రం గురించి వొక్కొక్క పుస్తకం రాయించింది. అవే అమెరికన్ గైడ్ సిరీస్ పుస్తకాలు. రాష్ట్ర చరిత్ర, నేల స్వరూపం, పట్టణాలు, దారి పొడుగునా చూడదగిన స్థలాలు, ఇదీ వాటి చట్రం. 1938లో మిసిసిపీ పుస్తకం వెలువడింది. మాగ్నోలియా రాష్ట్రానికి మార్గదర్శి అని దాని పేరు. నల్లమట్టి డెల్టా, పెద్ద నది, నాచెజ్ పట్టణంలో తెల్లని స్తంభాల మేడలు. 1932 నుంచి ఏటేటా ఆ మేడలు తెరిచి యాత్రికులకు చూపడం మొదలుపెట్టారు. చూడదగిన స్థలాలకు కొదవలేదు.

ఆ పుస్తకంలో తెల్లవాళ్ళ జీవనరీతులు వొక వ్యాసం, నీగ్రోల జీవనరీతులు ఇంకొక వ్యాసం. రెండు గదులు. పెత్తందారు తన పాలేరు గురించి ముద్దుగా మాట్లాడే ధోరణి రెండో వ్యాసంలో కనబడుతుంది. 1817లో రాష్ట్రమైన మిసిసిపీలో 1860 నాటికి సగం మంది కన్నా ఎక్కువ బానిసలు. ఆ నేల చోక్టా జాతిది. 1830 ఒప్పందంతో వాళ్ళను పడమరకు వెళ్ళగొట్టారు. ఆ ఖాళీలో పత్తి విత్తారు. నాచెజ్ మేడలు ఆ పత్తితో లేచినవి. ఆ మేడలకు దగ్గర్లోనే ఫోర్క్స్ ఆఫ్ ది రోడ్ అనే కూడలిలో మనుషుల సంత జరిగేది. దక్షిణాదిలో మనుషులను అమ్మిన పెద్ద సంతల్లో అదొకటి. మేడ ఎంతో కాలం యాత్రాస్థలంగా వెలిగింది. మేడను నిలబెట్టిన సంత జాగా నాచెజ్ జాతీయ చారిత్రక వనంలో చేరింది 2021లో.

ఐతే ఈ ప్రాజెక్టును వొక్క ముక్కలో కొట్టిపారేస్తే విమర్శ కాదు. అదే ప్రాజెక్టులో నల్లకవి స్టెర్లింగ్ బ్రౌన్ 1936 నుంచి నీగ్రో వ్యవహారాల సంపాదకుడుగా కూర్చొని, దక్షిణాది కార్యాలయాలు పంపే రాతల్లోని వెకిలితనాన్ని దిద్దడానికి పోట్లాడాడు. అదే ప్రాజెక్టు పదిహేడు రాష్ట్రాల్లో, బానిసత్వంలో పుట్టి ఇంకా బతికి వున్న రెండు వేల మందికి పైగా ముసలివాళ్ళ నోటి మాటలు రాయించింది. మిసిసిపీలో పుట్టిన రిచర్డ్ రైట్ ఈ ప్రాజెక్టు జీతం మీద బతుకుతూ కథలు రాశాడు. ఆ కథల సంపుటి 'అంకుల్ టామ్స్ చిల్డ్రన్' కూడా 1938లోనే వచ్చింది. వొకే రాష్ట్రం, వొకే ఏడు, రెండు పుస్తకాలు. మార్గదర్శిలోని నది పక్కన విహరించదగినది. రైట్ కథలో అదే నది వరదెత్తితే నల్లవాడు ఎటు పరుగెత్తాలో తెలియక చస్తాడు. ఈ రెండో పుస్తకం చదివినవాడికే మొదటి పుస్తకం అర్థమవుతుంది.

ఆ ముసలివాళ్ళ కథనాల గతి కూడా గమనించాలి. మిసిసిపీ కార్యాలయం వాషింగ్టన్‌కు పంపింది కొద్ది కథనాలే. మిగతావి రాష్ట్రంలోనే కట్టలుగా పడి వుండి, 1977లో జార్జ్ రావిక్ సంపాదకత్వంలో వెలుగు చూశాయి. నలభై ఏళ్ళు ఆ కట్టల మీద వున్నది నేను ఎర్రసిరాతో రాసిన మాటే: అప్రస్తుతం. ఇక ప్రాజెక్టు సంగతి. 1938లో డీస్ కమిటీ దాన్ని కమ్యూనిస్టుల అడ్డా అని దుయ్యబట్టింది. 1939లో ఫెడరల్ అండ పోయింది. రాష్ట్రాల చేతికి వెళ్ళి, 1943లో మూతపడింది.

ఇంతదూరం మిసిసిపీ గురించి ఎందుకు చెప్పాను? ఆ రాష్ట్రానికీ మా తాలూకాకూ మధ్య నూట ఎనభై ఏళ్ళుగా వొక నూలుపోగు వుంది. మూడు గదుల పుస్తకాల్లో వేటిలోనూ అది కనబడదు. మాంచెస్టరు మిల్లులకు అమెరికా పత్తి మీద ఆధారపడటం భయం పుట్టించింది. 1840లో ఈస్టిండియా కంపెనీ అమెరికా దక్షిణ రాష్ట్రాల నుంచి పదిమంది ప్లాంటర్లను పిలిపించి మన దేశంలో వాళ్ళ పద్ధతిలో పత్తి పండించే ప్రయోగాలు చేయించింది. బానిసల చేత పత్తి తీయించే చోటి నుంచి రైతు చేత పత్తి తీయించే చోటికి నిపుణులను తెచ్చుకున్నారు. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలైంది. అక్కడి రేవులు మూతపడ్డాయి. బళ్ళారి, ఆదోని పత్తికి ఎన్నడూ లేని ధర వచ్చింది. తిండిగింజల చేలల్లోకి పత్తి వచ్చింది. 1865లో యుద్ధం ఆగింది, ధర పడింది. 1871 నాటికి మద్రాసు నుంచి ఆదోని మీదుగా రాయచూరుకు రైలు నడిచింది. ఇంకో అయిదేళ్ళకు కరువు వచ్చింది. ఈ నాలుగు సంగతులను వొక వరసలో పెట్టి చదివిన పాఠకుడు, వాన రాక జనం చచ్చారనే వాక్యంతో సరిపెట్టుకోగలడా?

ఆ పోగు ఇంకా తెగలేదు. మాంచెస్టరు నూలు మిల్లుల సంఘం పెట్టుబడితో మిసిసిపీ డెల్టాలో పెద్ద పత్తి తోటగా మొదలైన డెల్టా అండ్ పైన్ ల్యాండ్ అనే సంస్థ, తర్వాత కాలంలో పత్తి విత్తనాల కంపెనీ అయింది. 1996లో అమెరికాలో బీటీ పత్తి విత్తనం మొదట అమ్మినవాళ్ళు వాళ్ళే. ఆ బీటీ జన్యువు మోన్‌శాంటోది. 2007లో ఆ కంపెనీని మోన్‌శాంటోయే కొనేసింది. మన దేశంలో బీటీ పత్తికి 2002లో అనుమతి వచ్చింది. ఆదోని మార్కెట్ యార్డులో కుప్పలు పోసిన పత్తిని చూడండి. ఆ విత్తనానికి ఏటేటా డబ్బు కట్టాలి. కాయలో గులాబీ పురుగు పడితే మళ్ళీ మందు కొట్టాలి. 'వెస్టర్న్స్' అని మద్రాసు వర్తకులు పిలిచిన మా పాత దేశవాళీ పత్తి చేనులోంచి పోయి చాలా కాలమైంది. ఇప్పుడు మా ప్రకృతి గదిలో ఏం రాయాలి? మా నేల నల్లనిదని రాస్తే సరిపోతుందా? ఆ నేలలో మొలిచే విత్తనం ఎవరిదో రాయనక్కరలేదా?

ఇంతవరకూ చెప్పింది కచేరీ రూపం మీద విమర్శ. ఇక మన వాళ్ళ మీదా వొక మాట చెప్పాలి. పాలకుల స్థలవర్ణనకు బదులుగా మనం అభ్యుదయ స్థలవర్ణన అంటూ ఇంకో గదిని కట్టాం. దాని పేరు కరువు. రాయలసీమ అనగానే పగిలిన చెరువు, ఎండిన చెట్టు, ఎముకల గూడైన ఎద్దు. ఇందులో నిజం లేదని నేననను. కానీ ఇది కూడా వొక చూడదగిన స్థలమైపోయింది. దీనికీ పాత చుట్టరికం వుంది. 1876-78 మద్రాసు కరువులో విల్లోబీ వాలెస్ హూపర్ అనే సైనికాధికారి ఆకలితో అస్థిపంజరాలైన మనుషులను గుంపులుగా కూర్చోబెట్టి ఫొటోలు తీశాడు. ఆ మనుషుల పేర్లు తెలియవు, వాళ్ళు చేసే పని తెలియదు. వాళ్ళ ఆకలి మాత్రమే చూడదగినది. మన కథల్లో, కవితల్లో సీమ రైతు ఎన్నిసార్లు హూపర్ కెమెరా ముందు కూర్చున్నాడో మనమే లెక్క చూసుకోవాలి.

మా నేలకు అందం లేదా? తొలకరి పడిన మర్నాడు రేగడి వాసన తెలిసినవాళ్ళు ఆ మాట అనరు. వేసవిలో కాలు దిగబడేంత నెర్రెలు తీసిన నేల, నాలుగు మంచి వానలకు తనంతట తానే పూడుకొని మెత్తబడుతుంది. ఏ గుట్ట మీది గుండు ఏ గుండు మీద నిలిచిందో తెలియనట్టుండే కొండలు సాయంత్రం ఎండకు రాగిరంగు తేలుతాయి. ఆ అందాన్ని వదులుకొమ్మని నేను చెప్పను. అభ్యుదయ రచయిత అందం చూస్తే పాపం అనుకోవడం మన చిన్నతనం. ఐతే ఆ అందాన్ని చూసేవాడు ఎక్కడ నిలబడి చూస్తున్నాడన్నదే ప్రశ్న. రైలు కిటికీలోంచి చూసేవాడికి రేగడి వొక రంగు. గొర్రు వెనక నడుస్తూ జడ్డిగంలో గింజ వదిలే మనిషికి అదే రేగడి వొక పదును. ఇవాళ విత్తాలా, రేపటిదాకా ఆగాలా అనే నిర్ణయం. పదును తప్పితే ఏడు తప్పుతుంది. 'పదును' అనే ఆ వొక్క మాటలో నేలా వానా శ్రమా భయమూ కలిసే వున్నాయి. గదులు లేవు. స్థలవర్ణనకు భాష కావాలంటే పనిచేసేవాళ్ళ నోట అది సిద్ధంగా వుంది.

'సుగ్గి' అనే మాట చూడండి. కన్నడంలో సుగ్గి అంటే పంట కోతల కాలం, సంబరాల కాలం. మా పడమటి పల్లెల్లో ఆ మాటకు అర్థం తిరగబడింది. సొంత చేనులో పంట లేక, వేరేవాళ్ళ పంట కోయడానికి గుంటూరు మిరప తోటలకు వెళ్ళడం మాకు సుగ్గి. వొక మాట అర్థం ఇలా తలకిందులు కావడమే మా ప్రాంత చరిత్ర. ఏ రాజు ఎప్పుడు గెలిచాడో చెప్పే పది పేజీల కన్నా, ఈ మాట ఇలా ఎందుకు మారిందో చెప్పే వొక పేజీ ఎక్కువ చరిత్ర చెబుతుంది. తుంగభద్ర డ్యాము 1953 నాటికి పూర్తయింది. దిగువ కాలువ, మా వాళ్ళ మాటలో ఎల్లెల్సీ, మా పొలాల మీదుగా పోతుంది. కాలువ పారే తాలూకాలో జనం సుగ్గికి ఎందుకు పోతున్నారు? ప్రకృతి గదికీ చరిత్ర గదికీ మధ్య గోడ తీస్తే గానీ ఈ ప్రశ్న అడగడానికి కూడా వీలుండదు.

అలాగని పాత గదుల్లోని వస్తువులను బయటపారేయనక్కరలేదు. వాటినే మళ్ళీ చదవాలి. సిద్దీ మసూద్ ఖాన్ బీజాపూరు కొలువులో పెరిగిన హబ్షీ, ఆఫ్రికా మూలాలున్న మనిషి. 17వ శతాబ్దంలో ఆయన ఆదోనిని ఏలాడు. మసీదు కట్టించాడు. రాఘవేంద్రస్వామి 1671లో బృందావన ప్రవేశం చేసిన మంచాల గ్రామం ఆయన ఇచ్చిందేనని మంత్రాలయం సంప్రదాయం చెబుతుంది. 1688లో కోట మొగలాయిల వశమయ్యేదాకా ఆయనే ఇక్కడి అధిపతి. అదే శతాబ్దంలో ఆఫ్రికా మనుషులను గొలుసులతో వర్జీనియాకు దింపుతున్నారు. వొక చోట ఆ నల్లమనిషి కోటకు అధిపతి. ఇంకో చోట సంతలో సరుకు. మనిషి తలరాత వాడి చర్మం రంగులో లేదనీ, వాడి శ్రమను ఎవరు ఏ పద్ధతిలో లాక్కుంటున్నారన్న దానిలో వుందనీ చెప్పడానికి ఇంతకన్నా మంచి పాఠం ఎక్కడ దొరుకుతుంది? మా మసీదు నిజంగా చూడదగిన స్థలమే. కానీ దాని మినార్ల ఎత్తు చెప్పి వూరుకుంటే మనం చూసింది రాళ్ళనే.

ఎమ్మిగనూరు దగ్గరికి వద్దాం. యాత్రికుల పుస్తకాల్లో చేనేతకు ప్రసిద్ధి అని వొక వాక్యం వుంటుంది. ఆ వాక్యం వెనక 1938 వుంది. మిసిసిపీ మార్గదర్శి వచ్చిన ఏడే, రైట్ కథలు వచ్చిన ఏడే, మాచాని సోమప్ప ఎమ్మిగనూరులో నేతగాళ్ళ సహకార సంఘం నిలబెట్టాడు. నూలు అప్పిచ్చి బట్ట తీసుకొనే షావుకారు చేతి నుంచి నేతపనివాణ్ణి కొంతైనా బయటికి లాగే ప్రయత్నం అది. 1954లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. యాత్రికుల పుస్తకానికి ఆ పతకం చాలు. మనకు చాలదు. నూలు ఎవరిది, పడుగు ఎవరు తోడారు, కండెలు చుట్టిన ఆడవాళ్ళ కూలి ఏ పద్దులో పడింది, మరమగ్గం వచ్చాక ఎవరు ఏ పనికి పోయారు, మగ్గాల చప్పుడు ఎందుకు పలచబడింది, ఇవన్నీ కలిస్తేనే ఎమ్మిగనూరు. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి కూర్చున్నవాణ్ణి వొకసారి అడిగాను, ఈ పట్టణంలో బయటివాళ్ళు ఏం చూడాలని. అతను నాడె ఆపకుండానే, "మా అమ్మ కండ్లు చూడల్ల సార్, అచ్చు పోగులు దూర్చి దూర్చి పోయినాయి" అన్నాడు. ఆ జవాబును పెట్టడానికి నా మూడు గదుల్లో చోటు లేదు.

ఇంతకూ మంచి స్థలవర్ణనకు ప్రమాణం ఏమిటి? విమర్శకుడన్నాక ప్రమాణం చెప్పకుండా తప్పుకోలేడు. నాకు తోచింది ఇది. ఆ రచన చదివాక అక్కడి మనిషి తన పనితో సహా కనబడాలి. అక్కడి వస్తువు ఎక్కడి నుంచి వచ్చి ఎక్కడికి పోతుందో తెలియాలి. ఆ చోటును అందంగా చేసినవాళ్ళూ, ఆ అందంతో లాభపడినవాళ్ళూ వొకే వాక్యంలోకి రాకపోయినా వొకే పేజీలోకి రావాలి. తెలుగులో ఇందుకు పునాది లేకపోలేదు. 1838లో అచ్చయిన ఏనుగుల వీరాస్వామయ్య 'కాశీయాత్ర చరిత్ర' దారిలో గుళ్ళతో పాటు ధరలు, తాగునీళ్ళు, దారి బాగోగులు, పాలకుల తీరు రాసింది. ఆయన దృష్టికి ఆయన వర్గపు హద్దులున్నాయి. కానీ ఆయనకు గదులు లేవు, దారి వుంది. నడిచేవాడు వేటినీ విడదీయలేడు. తరవాత వచ్చిన మన యాత్రారచనలు చాలావరకు ఆ దారి వదిలి కచేరీ మెట్లెక్కాయి. ఇవాళ పిల్లల దగ్గరికి అమెరికా వెళ్ళొచ్చిన తల్లిదండ్రులు ఏ టెక్సాసు గురించో, ఏ కాలిఫోర్నియా గురించో రాసే పుస్తకాల్లో కూడా అవే మూడు గదులు. అక్కడి ద్రాక్షతోటలో పనిచేసే మెక్సికో కూలీ, మా కోసిగి సుగ్గి కూలీకి వరసకు ఏమవుతాడో ఆ పుస్తకాలు అడగవు. ఆ రచయితలను తప్పుపట్టేముందు, వాళ్ళకు వ్యాసరచన నేర్పింది నాలాంటి మేష్టర్లేనని వొప్పుకోవాలి.

ఆ అమ్మాయి ఇప్పుడెక్కడుందో నాకు తెలియదు. ఆ నోట్సు నా దగ్గర లేదు. నోట్సు దొరికితే ఆ ఎర్రగీత మీద అడ్డంగా ఇంకో గీత గీస్తాను. పక్కన ఇలా రాస్తాను: 'అమ్మా, నీ వ్యాసం ఇక్కడి నుంచే మొదలుపెట్టు. లారీ ఎక్కిన రాత్రి నుంచి వెనక్కి వెళ్ళు. మీ చేను మట్టి దగ్గరికి, విత్తనం సంచి మీది పేరు దగ్గరికి, కాలువ దగ్గరికి, రైలు దగ్గరికి, కోట దగ్గరికి. అన్నీ నీ దారిలోనే తగులుతాయి. మార్కులు తరవాత చూద్దాం.'

ఈ పత్రిక చదివే అధ్యాపకులకూ విద్యార్థులకూ నా విన్నపం వొకటే. 'మా ప్రాంతం' అనే వ్యాసం ఇవ్వడం మానకండి. బల్ల మీద ఉపశీర్షికలు రాయడం మానండి. పిల్లలు ఏం చూడదగినదంటారో ముందు వాళ్ళనే రాయనివ్వండి. ఆదోని గురించి, ఎమ్మిగనూరు గురించి, కౌతాళం, పెద్దకడుబూరు, కోసిగి గురించి అలాంటి వందా రెండొందల వ్యాసాలు పోగైతే, అవే మా తాలూకా అసలు గెజెటీరు. రాయగల చేతులు మన తరగతి గదుల్లోనే కూర్చున్నాయి.